పాత పెన్ను విప్పే ముందు

పాత ఇంకు పెన్నుల మీద నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల పాఠకులు రాసిన ఉత్తరాల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరి, ఒకే రకం ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం. ‘కటింగ్ ప్లేయరుతో పట్టి తిప్పాను, అయినా రాలేదు’ అనే మాట చాలా ఉత్తరాల్లో ఉంది. ఆ ప్లేయరు కాసేపు పక్కన పెట్టి చదవండి.

ప్రశ్న: మా నాయన వాడిన పార్కర్ 51 బీరువాలో దొరికింది. ముప్ఫై ఏళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు. సీసాలో ముంచి నొక్కితే ఇంకు లాగడం లేదు. పాళీ వైపు భాగం విప్పుదామంటే కదలడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, మూలాపేట, నెల్లూరు

జవాబు: కదలకపోవడమే మంచిదైంది. పాళీని కప్పి ఉంచే ఆ నున్నటి తొడుగు తయారీలోనే అతుకుమందు వేసి బిగించింది. దాని లోపల గొట్టం ఆకారపు పాళీ, ఇంకును నిలవ ఉంచే సన్నటి రెక్కల భాగం (కలెక్టర్), వెంట్రుకంత గాలిగొట్టం ఒకదానిలో ఒకటి కూర్చుని ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు బలంతో తిప్పితే తొడుగు పగులుతుంది, లేదా పాళీ పక్కకు జరుగుతుంది. మీ సమస్యకు దాన్ని విప్పాల్సిన పనే లేదు.

ముందు మీ పెన్ను ఏ రకమో తేల్చుకోండి. పార్కర్ 51 అమ్మకానికి వచ్చింది 1941లో. ఇంకు నింపేందుకు 1948 దాకా వాక్యుమాటిక్ పద్ధతి, ఆ తర్వాత ఏరోమెట్రిక్ పద్ధతి. వెనక గొట్టం మధ్య రింగు దగ్గర మర తిరిగి ఊడొచ్చి, లోపల లోహపు తొడుగు, దాని మీద నొక్కే పట్టీ కనిపిస్తే అది ఏరోమెట్రిక్. గొట్టం చివర చిన్న మూత మాత్రమే ఊడి, కింద నొక్కుడు పుల్ల కనిపిస్తే వాక్యుమాటిక్. మీరు ‘నొక్కితే’ అని రాశారు కాబట్టి ఏరోమెట్రిక్ అనే అనుకుంటున్నాం. ఒకసారి మూత అంచున చెక్కిన అక్షరాలు కూడా చదవండి. 51ని చూసి చేసిన హీరో పెన్నులు మన ఇళ్లలో చాలా ఉన్నాయి, పైనుంచి చూస్తే తేడా తెలియదు. హీరో అయినా నష్టం లేదు, కడిగే పద్ధతి ఒకటే.

ఏరోమెట్రిక్‌లో ఉండేది మామూలు రబ్బరు సంచి కాదు, పీవీసీ. యాభై అరవై ఏళ్ల తర్వాత కూడా చాలావరకు మెత్తగానే ఉంటుంది. గోధుమరంగు మరక పడి ఉంటే కంగారు పడకండి. నొక్కితే మెత్తగా అణిగి, వదలగానే తిరిగి ఉబ్బితే సంచి బాగున్నట్టే. అప్పుడు మీ జబ్బు ఒక్కటే: గాలిగొట్టంలో, కలెక్టర్ రెక్కల్లో ఎండిన ఇంకు.

చిన్న స్టీలు గ్లాసులో గది వేడిమి ఉన్న నీళ్లు పోసి, పాళీ వైపు భాగం రింగు దాకా మునిగేలా రాత్రంతా నిలబెట్టండి. వేడినీళ్లు వద్దు. పొద్దున రంగెక్కిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ముంచి పట్టీ నొక్కండి, వదిలి రెండు మూడు సెకన్లు ఆగండి, మళ్లీ నొక్కండి. ఇలా పదిసార్లు. బుడగలు రావడం మొదలైతే దారి తెరుచుకున్నట్టు. రోజుకు రెండు మూడుసార్లు నీళ్లు మారుస్తూ ఇదే పని చేయండి. ‘ఇంకా నీలం వస్తూనే ఉంది’ అని రెండో రోజే విసుగు చెందొద్దు. కలెక్టర్‌లో దాగిన ఇంకు వారం దాకా రావచ్చు.

మూడు నాలుగు రోజులైనా బుడగే లేకపోతే ఇంటి శుభ్రతకు అమ్మే పలచని అమోనియా ఒక చెంచా, నీళ్లు పది చెంచాలు, గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క కలిపి అందులో గంట నానబెట్టి, తర్వాత మంచినీళ్లతో పదిసార్లకు తక్కువ కాకుండా కడగండి. ప్రయోగశాలల్లో వాడే గాఢ అమోనియా తేవద్దు. బ్లీచింగ్ ఉన్న ఏ ద్రవంతోనూ కలపొద్దు, విషవాయువు పుడుతుంది. స్పిరిట్, థిన్నర్, గోళ్ల రంగు తుడిచే అసిటోన్ అసలు దగ్గరికి రానీయకండి. పార్కర్ 51 ఒళ్లు యాక్రిలిక్, వాటికి పగుళ్లిస్తుంది.

శుభ్రపడ్డాక పాళీని కిందకు ఉంచి, మెత్తటి టిష్యూ కాగితం చుట్టి ఒక రాత్రి నిలబెడితే లోపలి నీరంతా కాగితం పీల్చేస్తుంది. ఇంకు నింపేటప్పుడు ఎన్నిసార్లు నొక్కాలో లోహపు తొడుగు మీదే చెక్కి ఉంటుంది. చివరిసారి వదిలాక ఐదారు సెకన్లు పాళీని ఇంకులోనే ఉంచండి. చాలామంది వెంటనే తీసేసి ‘సగమే నిండింది’ అంటారు.

వాక్యుమాటిక్ అని తేలితే కడగడం వరకే మీ పని. అందులో పాడయ్యేది వెనక ఉన్న రబ్బరు పొర (డయాఫ్రమ్). దాన్ని మార్చడానికి ఆ మరకు సరిపోయే ప్రత్యేకమైన బిగింపు పనిముట్టు కావాలి. అది లేకుండా పట్టుకారుతో తిప్పితే అల్యూమినియం మర నలిగిపోతుంది, ఆ భాగం మళ్లీ దొరకదు.

ప్రశ్న: గొట్టం పక్కన లివర్ ఉండే పెన్ను. లివర్ లేపితే పటపటమని శబ్దం వచ్చింది, ఊపితే లోపల ఏదో గలగలమంటోంది. రబ్బరు సంచి నేనే మార్చుకోవచ్చా? మా ఊళ్లో చేసేవాళ్లు లేరు.
– ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, కందుకూరు

జవాబు: మార్చుకోవచ్చు మాస్టారూ. ఓపిక ఉంటే ఒక సాయంత్రం పని, ఆరడానికి ఒక రాత్రి. ఆ గలగల ఎండి పెంకులైన రబ్బరుదే. ఇక లివర్ ముట్టుకోకండి. లోపల గట్టిపడిన సంచి అడ్డుండగా లివర్ లేపితే దాని పిన్ను విరుగుతుంది, లేదంటే గొట్టం చీలిక చివర పగులు పడుతుంది. సంచి దొరుకుతుంది, గొట్టం దొరకదు.

పనికి ముందు పెన్ను దేంతో చేశారో చూడండి. బట్టతో కాసేపు గట్టిగా రుద్ది వాసన చూస్తే కర్పూరంలా ఉంటే సెల్యులాయిడ్, గంధకం వాసన వస్తే ఎబొనైట్ (గట్టిపరిచిన రబ్బరు). సెల్యులాయిడ్‌కు మంట తగిలితే భగ్గుమంటుంది, కాబట్టి కొవ్వొత్తి, అగ్గిపుల్ల, గ్యాస్ పొయ్యి ఏవీ వద్దు. ఎబొనైట్‌ను నీళ్లలో నానబెడితే నలుపు పోయి మట్టిరంగు తేలుతుంది. రెంటికీ సరిపడేది పొడి వేడి, అంటే జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్.

పాళీ వైపు వేలితో పట్టుకునే భాగం గొట్టంలోకి దిగే చోట డ్రయ్యర్‌ను అర అడుగు దూరంలో పెట్టి, పెన్నును తిప్పుతూ అర నిమిషం వేడి పట్టండి. పై పెదవికి ఆనిస్తే ఓర్చుకోగలిగేంత వేడే ఉండాలి, సుమారు 60 డిగ్రీలు. పాత సైకిల్ ట్యూబు ముక్కలు రెండు తీసుకుని ఒకటి గొట్టానికి, ఒకటి ముందు భాగానికి చుట్టి పట్టుకోండి. పట్టు జారదు, గీతలు పడవు. అటూ ఇటూ కొద్దికొద్దిగా కదిలిస్తూ లాగండి. కొన్ని పెన్నుల్లో అక్కడ మర ఉంటుంది, కొన్నిట్లో ఒత్తి దిగేసి ఉంటుంది. కదలకపోతే మళ్లీ వేడి, మళ్లీ ప్రయత్నం. బలం పెంచకండి, సార్లు పెంచండి.

ఊడాక గొట్టంలోని రబ్బరు పెంకులను అల్లిక సూది కొనతో గీకి దులపండి. లోపల గొట్టం పొడవునా ఒక స్టీలు పట్టీ ఉంటుంది. లివర్ నొక్కేది దాన్నే, అది సంచిని నొక్కుతుంది. తుప్పు పట్టకుండా, స్ప్రింగులా వంగి లేస్తుంటే అలాగే వదిలేయండి. మన తీరప్రాంతపు ఉప్పుగాలికి అది తుప్పు పట్టి తునిగిపోయి ఉండటం మామూలే. అప్పుడు అదే పొడవు, అదే వెడల్పు ఉన్న కొత్తది వేయాలి.

ముందు భాగానికి వెనక చిన్న గొట్టపు మొన ఉంటుంది, సంచి తొడిగేది దానికే. అంటుకున్న పాత రబ్బరు, పాత లక్క మొండి చాకుతో పూర్తిగా గీకేయండి. ఇప్పుడు వెర్నియర్‌తో మొన వ్యాసం కొలవండి. సంచి నంబర్లు అంగుళంలో 64వ వంతుల లెక్క. 16 నంబరంటే 16/64 అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. 18 నంబరు సుమారు 7.1 మిల్లీమీటర్లు. మొనకు బిగుతుగా పట్టే నంబరు ఎంచుకోండి, కానీ స్టీలు పట్టీ ఉన్న గొట్టంలోకి ఆ సంచి రాసుకోకుండా దూరాలి. రెంటిలో పేచీ వస్తే ఒక నంబరు చిన్నది తీసుకుని మొనకు సాగదీసి తొడగండి. లావు సంచి పట్టీకి చోటివ్వదు.

పొడవు దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. గొట్టం లోపలి లోతు పుల్లతో కొలిచి, సంచి మూసిన కొన గొట్టం అడుగుకు మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల దూరంలో ఆగేలా కత్తిరించండి. ఎక్కువ ఇంకు పడుతుందని పొడవు వదిలితే లోపల మడతపడి, ఉన్న ఇంకు కూడా లాగదు.

అంటించడానికి వడ్రంగులు పాలిష్‌కు వాడే లక్క, అంటే షెల్లాక్ వాడాలి. లక్క బిళ్లలను స్పిరిట్‌లో కరిగించి తేనెలా చిక్కగా చేయండి. మొనకు పలచగా పూసి, సంచిని ఐదారు మిల్లీమీటర్లు ఎక్కించండి. మెలిక పడకూడదు, నిటారుగా ఉండాలి. రాత్రంతా ఆరనివ్వండి. ఫెవిక్విక్ ఎందుకు వద్దంటే, లక్క మళ్లీ వేడి పడితే వదులుతుంది, అది వదలదు. రేపు సంచి మళ్లీ మార్చాల్సి వచ్చినప్పుడు మొన విరిగి చేతికొస్తుంది. రిపేరుకు వచ్చే పెన్నుల్లో సగం చావు ఆ జిగురు వల్లే.

గొట్టంలో పెట్టకముందే సంచిని నీళ్లలో నొక్కి వదిలి చూడండి. అతుకు దగ్గర బుడగ వస్తే ఇప్పుడే తీసి మళ్లీ అంటించడం నయం. తర్వాత సంచికి ఏ సువాసనా లేని టాల్కం పొడి రాయండి, పట్టీ కింద రాసుకోకుండా జారుతుంది. మొక్కజొన్న పిండితో చేసిన పౌడర్లు మన చెమ్మకు బూజు పడతాయి, డబ్బా మీద చూసి కొనండి. చివరగా ముందు భాగాన్ని గొట్టంలోకి దించేటప్పుడు పాళీ పైముఖం లివర్‌తో ఒకే వరసలో ఉండేలా పెట్టండి. ఇక్కడ జిగురు అక్కర్లేదు. వదులుగా ఉంటేనే ఆ చోట ఒక చుక్క లక్క.

ప్రశ్న: రాజమండ్రిలో కొన్న ఎబొనైట్ పెన్ను, ఫిల్లరుతో ఇంకు పోసేది. చలికాలమంతా బాగా రాసింది. ఏప్రిల్ నుంచి కక్కడం మొదలుపెట్టింది. జేబులో చొక్కా మీద మరక, కాగితం మీద బొట్లు. మరలు గట్టిగానే బిగించాను. పెన్ను పాడైందా?
– ఒక బ్యాంకు ఉద్యోగి, ఒంగోలు

జవాబు: పెన్ను పాడవలేదు, అందులో గాలి ఎక్కువైంది. ఈ రకం పెన్నుకు సంచి ఉండదు, గొట్టమే సీసా. ఇంకు తగ్గేకొద్దీ పైన గాలి పెరుగుతుంది. ఆ గాలి వేడెక్కి వ్యాకోచిస్తే ఇంకును పాళీ వైపు తోస్తుంది.

లెక్క చూడండి. గొట్టం 3 మిల్లీలీటర్లు పట్టేది, ఇంకు 1 మిల్లీలీటరే మిగిలింది, అంటే గాలి 2 మిల్లీలీటర్లు. ఏసీలో 24 డిగ్రీల్లో ఉన్న పెన్నును జేబులో పెట్టుకుని మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలోకి వస్తే గాలి దాదాపు 0.12 మిల్లీలీటరు పెరుగుతుంది. చుక్కకు 0.05 చొప్పున రెండు చుక్కలకు పైమాటే. పాళీ కింద నల్లగా ఉండే ఫీడ్ అంత ఇంకు ఆపలేదు, కాబట్టి మూతలోకి కారుతుంది. అదే గొట్టం నిండుగా ఉండి గాలి 0.3 మిల్లీలీటరే ఉంటే, అదే ఎండకు పెరిగేది 0.02 లోపే. అందుకే ఈ పెన్నుకు మూడో వంతు ఇంకు మిగిలినప్పుడే నింపడం అలవాటు చేసుకోండి. చాలామంది అయిపోయేదాకా లాగుతారు. ఎండాకాలంలో కక్కేది ఆ ఆఖరి మూడో వంతే.

ఎండలోంచి లోపలికి రాగానే రాయకండి. మూత తీసి పాళీ పైకి ఉంచి ఒక నిమిషం చేతిలో పట్టుకోండి. పెరిగిన గాలి ఇంకును తోయకుండా ఫీడ్ మీదుగా పైకి పోతుంది. బైకు మీద వెళ్లేటప్పుడు, బస్సులో ఉన్నప్పుడు పెన్ను నిటారుగా, పాళీ పైకి ఉండాలి.

రెండో అనుమానం, పాళీకి ఫీడ్‌కు మధ్య సందు. పాళీని పక్కనుంచి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. రెంటి మధ్య వెలుతురు గీతలా కనిపిస్తే ఇంకు అదుపు తప్పుతుంది. ఎబొనైట్ ఫీడ్‌కు దీన్ని సరిచేసే సదుపాయం ఉంది. పాళీ, ఫీడ్ రెండూ పెన్నులోంచి తీయకుండా, ఆ కొనలను మాత్రమే బాగా కాగిన నీళ్లలో 20 నుంచి 30 సెకన్లు ముంచి, తీయగానే బొటనవేలితో ఫీడ్‌ను పాళీ వైపు మెల్లగా ఒత్తి పట్టుకుని చన్నీళ్లలో చల్లార్చండి. ఎబొనైట్ వేడికి మెత్తబడి ఆ ఆకారంలోనే నిలుస్తుంది. ఒకసారికి చాలకపోతే రెండోసారి. ప్లాస్టిక్ ఫీడ్‌కు ఇలా చేయకూడదు, రెక్కలు వంకరపోతాయి. వేలితో పట్టుకునే భాగం నీళ్లలో మునగనీయకండి, రంగు వెలుస్తుంది.

మరలకు సిలికాన్ గ్రీజు అగ్గిపుల్ల తలంత రాస్తే చాలు. వాజలీన్, కొబ్బరినూనె వద్దు. ప్లంబర్ టేపు చుట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. అది మందంగా చుట్టుకుపోతే గొట్టం నోరు లోపలినుంచి చీలుతుంది.

రాజమండ్రి మాట వచ్చింది కాబట్టి ఒక మాట. రత్నం పెన్నుల సంస్థ మొదలైంది 1932లో, గాంధీజీ తనకు అందిన స్వదేశీ పెన్ను గురించి ఉత్తరం రాసింది 1935లో. ఆనాటి పెన్ను అయినా ఇప్పటిది అయినా ఎబొనైట్ గుణం మారలేదు. పై పద్ధతులన్నీ దానికీ పనిచేస్తాయి.

ప్రశ్న: పాత పెన్ను పాళీ కాగితాన్ని గీరుతోంది. మా తాత పలక మీద నాలుగుసార్లు రాస్తే నున్నబడుతుందని చెప్పేవాడు. మా ఊళ్లో పలకలకు కొదవ లేదు కదా, ప్రయత్నించమంటారా?
– ఒక డిగ్రీ విద్యార్థి, మార్కాపురం

జవాబు: మార్కాపురం పలక అక్షరాలకు మంచిది, పాళీకి కాదు. పలకరాయిలో క్వార్ట్జ్ రేణువులుంటాయి, అన్నీ ఒకే సైజులో ఉండవు. పాళీ కొనన ఉండే గట్టి లోహపు బిందువు, అందరూ ఇరిడియం అనేది, ఆ రాపిడికి ఒక వైపు చదునై పోతుంది. చౌక స్కూలు పెన్నుల్లో అసలు ఆ బిందువే ఉండదు, స్టీలునే మడిచి వదిలేస్తారు. అలాంటిది పలక మీద రెండు నిమిషాల్లో అరిగిపోతుంది.

అసలు గీరే పాళీల్లో ఎక్కువ వాటికి అరగదీత అక్కర్లేదు. రెండు కొనలు ఒకే ఎత్తులో ఉండవు, అంతే. వాచీ రిపేరు వాళ్లు వాడే పది రెట్ల భూతద్దంతో పాళీని నీ వైపు తిప్పి, కొనను ఎదురుగా చూడు. ఒక రేకు పైకి, ఒక రేకు కిందికి ఉంటే పైనున్న దాన్ని గోటితో మెల్లగా కిందికి ఒత్తి రెండు సెకన్లు పట్టుకో. మళ్లీ చూడు. వంచింది ఎక్కువైతే రెండోది పైకి తేలుతుంది, కాబట్టి వెంట్రుకవాసి చొప్పునే. ఒక దిక్కున గీసినప్పుడే గీరితే జబ్బు ఇదే అని అనుకోవచ్చు.

రెండూ సమంగా ఉండి కూడా అన్ని దిక్కులా గీరితేనే నునుపు పెట్టాలి. దానికి 12000 గ్రిట్ మైక్రోమెష్ గుడ్డ దొరుకుతుంది. పెన్నులో ఇంకు ఉండగానే, నువ్వు రాసే వాలులోనే, ఏ మాత్రం ఒత్తకుండా ‘8’ అంకెలా, గుండ్రంగా ఐదారు చుట్లు తిప్పి ఆపు. కాగితం మీద రాసి చూడు. చాలకపోతే ఇంకో ఐదు. ‘ఇంకొంచెం నున్నగా’ అని పోతే రెండు కొనల లోపలి అంచులు గుండ్రమైపోతాయి. అప్పుడు చీలికలో ఇంకు ఉన్నా కాగితాన్ని తాకదు. మొదటి గీత రాయదు, ఒత్తితేనే రాస్తుంది. గీరే పాళీని బాగుచేయడం తేలిక, ఇలా అయినదాన్ని వెనక్కి తేవడం కష్టం.

చీలికలో ఇరుక్కున్న కాగితపు పీచు తీయడానికి బ్లేడు పెట్టే అలవాటు ఉంటే మానుకో. గడ్డం గీసే బ్లేడు 0.1 మిల్లీమీటరు మందం, అంచు పదును. చీలికను తెరిచి వదులు చేస్తుంది. 0.05 మిల్లీమీటరు ఇత్తడి రేకు కావాలి.

ప్రశ్న: పెన్ను రోజూ శుభ్రంగా కడుగుతున్నా ఫీడ్ మీద తెల్లటి పొర వస్తోంది. మాది బోరు నీళ్లు.
– ఒక పాఠకురాలు, పొదిలి

జవాబు: పొర ఇంకుది కాదమ్మా, నీళ్లది. పశ్చిమ ప్రకాశం బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. ఆరిన ప్రతిసారీ కొంచెం సున్నం ఫీడ్ సన్నటి గాడుల్లో మిగులుతుంది, చివరికి ఇంకు దారి మూసుకుపోతుంది. మొదటి కడుగుడుకు ఏ నీళ్లైనా ఫరవాలేదు, ఆఖరి రెండు కడుగుళ్లు మాత్రం ఆర్వో నీళ్లతో, లేదా బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్‌తో. ఇప్పటికే పేరుకున్న పొరకు తెల్ల వెనిగర్ ఒక వంతు, నీళ్లు పది వంతులు కలిపి ఫీడ్‌ను మాత్రమే పావుగంట ఉంచి కడిగేయండి. రోజూ కడగాల్సిన పనీ లేదు, ఒకే ఇంకు వాడుతుంటే నెలకోసారి చాలు.

ప్రశ్న: దస్తావేజుల మీద సంతకాలకు చెరగని ఇంకు కావాలి. ఒకరు ఇండియన్ ఇంకు వేయమన్నారు, ఒకరు బ్లూబ్లాక్ చాలన్నారు. ఇంట్లో ఇరవై ఏళ్ల నాటి నిండు సీసా కూడా ఉంది, వాడొచ్చా?
– ఒక దస్తావేజు లేఖరి, కావలి

జవాబు: ఇండియన్ ఇంకు బొమ్మలు వేసే ముంచుడు పాళీలకే. అందులో మసి, దాన్ని పట్టించే లక్క ఉంటాయి. పెన్నులో ఎండితే నీళ్లకు కరగదు. ఒక్కసారి పోసినా ఆ ఫీడ్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

చెరగని తనం కావాలంటే ఐరన్ గాల్ ఇంకు. కాయల నుంచి తీసిన టానిన్, ఇనుప లవణం కలిసి కాగితం మీద గాలికి నల్లబడి పీచులోకి దిగుతుంది, నీళ్లు పడ్డా నిలుస్తుంది. సీసా మీద బ్లూబ్లాక్ అని ఉన్నవన్నీ ఐరన్ గాల్ కావు, ఆ మాట రాసి ఉందో లేదో చూసి కొనండి. ఇది ఆమ్ల గుణం ఉన్నది కాబట్టి స్టీలు పాళీని నెమ్మదిగా తింటుంది, బంగారు పాళీని ఏం చేయదు. వాడుతున్నంత కాలం రెండు వారాలకోసారి కడగాలి. ఎండబెట్టి వదిలేస్తే లోపల నల్లటి గసి పడుతుంది. ఆ గసి మామూలు నీళ్లకు పోకపోతే మందుల షాపులో దొరికే ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే విటమిన్ సి పొడి, అర గ్రాము 50 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి గంట ఉంచితే కరుగుతుంది. నిమ్మరసం పిండి పోయకండి, అందులోని చక్కెర, గుజ్జు కొత్త సమస్య.

పాత సీసా మూత తీసి చూడండి. పైన తెల్లటి పోగులు, జిగట, ముక్కిన వాసన – ఏది కనిపించినా పారబోయండి. గుడ్డలో వడకట్టి వాడితే బూజు విత్తనాలు పెన్నులోకి వెళ్తాయి, మీ మిగతా సీసాలకూ పాకుతుంది. ఏ దోషమూ లేకపోతే ముందు పాత చౌక పెన్నులో నెల వాడి చూడండి. మంచి పెన్నులో మొదట పోయకండి.

ప్రశ్న: తాతల నాటి రంగురంగుల పెన్నులు ఐదారున్నాయి. బీరువాలో చీరల మధ్య కలరా ఉండల పక్కన పెట్టాం. ఒకటి పులుపు వాసన వేస్తూ సన్నటి పగుళ్లు పడింది. లేత పసుపు పెన్ను మధ్యలో గోధుమరంగు తిరిగింది.
– ఒక గృహిణి, ఆత్మకూరు

జవాబు: పులుపు వాసన వేసే పెన్నును ఇవాళే వేరు చేయండి. పాత సెల్యులాయిడ్‌ను నైట్రోసెల్యులోజ్, కర్పూరం కలిపి చేస్తారు. అది కుళ్లితే ఆమ్ల ఆవిరి వదులుతుంది, పక్కనున్న మంచివాటిని కూడా పాడుచేస్తుంది. దానికి మందు లేదు. కావాలంటే లోహ భాగాలు తీసి దాచుకోండి.

పసుపు పెన్ను రంగు మారడానికి కారణం లోపలి రబ్బరు సంచి. రబ్బరు నుంచి వచ్చే గంధకపు ఆవిరి లేతరంగు సెల్యులాయిడ్‌ను గోధుమ చేస్తుంది. పోయిన రంగు రాదు. సంచి మార్చేటప్పుడు లేతరంగు పెన్నులకు పీవీసీ సంచి అడగండి, దానికి ఈ దోషం లేదు. ఇంకు తీసేసి కడిగి ఆరబెట్టి, మూతలు వదులుగా పెట్టి, నూలు గుడ్డ సంచిలో గాలాడే చోట ఉంచండి. కలరా ఉండల ఆవిరి కొన్ని ప్లాస్టిక్కులను మెత్తబరుస్తుంది, ఆ పక్కన పెన్నులు వద్దు. గాజు అద్దాల షోకేసులో ఎండ తగిలేలా పెట్టడమూ వద్దు.

ప్రశ్న: మూత అంచు వెంట్రుకంత పగిలింది. ఫెవిక్విక్ వేయొచ్చా?
– ఒక పాఠకుడు, దర్శి

జవాబు: వద్దు. పగులు పైన తెల్లటి పొరగా మిగులుతుంది. తర్వాత సరిగా అతికించే వాళ్లకు కూడా ఆ పొర అడ్డం. ఈలోగా రాసేటప్పుడు మూతను పెన్ను వెనక తగిలించకండి. మూత అంచులు పగిలేది ఎక్కువగా దానివల్లే.

ప్రశ్న: రిపేరుకు పెన్నును వేరే ఊరికి కొరియర్‌లో పంపాలి. పోయినసారి పంపింది గొట్టం విరిగి చేరింది. ఎలా కట్టాలి?
– ఒక పాఠకురాలు, వేదాయపాళెం, నెల్లూరు

జవాబు: ఇంకు పూర్తిగా తీసి కడిగి ఆరబెట్టాలి. లోపల తడి ఉంటే దారిలో మూతలోకి కారి, పెన్ను చేరేసరికి ఎండి బిగుసుకుపోతుంది. మూత పెట్టి, పెన్నును టిష్యూలో రెండు చుట్లు చుట్టి, పెన్ను కంటే రెండు అంగుళాలు పొడవున్న ముప్పావు అంగుళం పీవీసీ పైపు ముక్కలో దూర్చండి. పెన్ను లావుగా ఉంటే ఒక అంగుళం పైపు. రెండు చివరలా దూది కూరి, ఊపితే లోపల కదలకుండా చూసుకుని, టేపు అంటించండి. ఆ పైపును అట్టపెట్టెలో కాగితపు ఉండల మధ్య పెట్టండి. వట్టి కవరులో పెట్టి పంపితే ముద్ర కొట్టేటప్పుడే పని అయిపోతుంది.

లోపల ఒక కాగితం పెట్టండి. పెన్ను పేరు, ఇంకు ఎలా నింపేది, చివరిసారి ఏ ఇంకు పోసింది, సమస్య ఏమిటి, మీరు ఇప్పటికే ఏమేం చేసి చూశారు. ప్లేయరు పెట్టి తిప్పి ఉంటే అదీ రాయండి. ఎక్కడ బలం పడిందో తెలిస్తే చేసేవాళ్లు ముందు అక్కడ పగులు వెతుకుతారు.